సిగ్నల్ మెట్ట ఎక్కిన కోనాం

ఆ ఆదివారం పొద్దున ఆకాశమంతా మబ్బు పొలుసులు పొలుసులుగా పరుచుకుని ఉంది. తూర్పు దిక్కున ఆ పొలుసుల అంచులకి ఎరుపు ఎక్కింది గానీ ఒక్కటీ కదలడం లేదు. అలాంటి ఆకాశం కింద గాలి ఉండదు. గాలి లేకపోతే తెరచాప నిండదు. చాప నిండకపోతే, చీకటితో ఒడ్డుకు రావాల్సిన నావ పొద్దెక్కాక వస్తుంది. జోగులు నావ అలాగే వచ్చింది. ఆఖరి రెండు మైళ్ళూ తెడ్లు వేసి వేసి అతనూ, బావమరిది పోలిరాజూ జంగ్లీఘాట్ రేవులో నావని ఇసుకకి తగిలించేసరికి ఏడు కావస్తోంది.

ఆలస్యమైతే అయింది, నావలో కోనాం ఉంది. ఆరేళ్ళ పిల్లంత పొడుగు. తడి గోనెలో చుట్టి, దారి పొడుగునా నీళ్ళు చల్లుకుంటూ తెచ్చారు. అది బజారుకి పోయే చేప కాదు. దాని మీద మాట ఉంది.

ఆ మాట జోగులు పెళ్ళాం తవిటమ్మ ఇచ్చింది. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవికొచ్చిన మరుసటేడు మొదలుపెట్టి, పన్నెండేళ్ళుగా ఆమె నెత్తిన గంప పెట్టుకుని సిగ్నల్ మెట్ట ఎక్కుతోంది. తెల్లదొరల కాలంలో ఓడలకి జెండా ఊపే కొండ అది. ఇప్పుడు దాని నెత్తిన అడవి శాఖ పనివాళ్ళ లైన్లున్నాయి, వరస ఇళ్ళు. బెంగాలీ వాళ్ళు, రాంచీ వాళ్ళు, మలయాళీలు. అందరివీ తవిటమ్మ వాడుక ఇళ్ళే. అందులో ననీబాల దీదీ పెద్దకొడుక్కి ఇవాళ పెళ్ళి. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళినాటి పొద్దున మగపెళ్ళివారి ఇంటి నుంచి ఆడపెళ్ళివారి ఇంటికి పసుపుతో పాటు ఒక పెద్ద చేప వెళ్ళాలి. దానికి చీర కడతారు, బొట్టు పెడతారు. తల నుంచి తోక దాకా ఎక్కడా తెగకూడదు. పెళ్ళికూతురిదీ ఆ మెట్ట మీదే, రెండు లైన్ల అవతల. ఎనిమిదిన్నరకి పసుపు.

"నాను తెచ్చి ఇస్తాను దీదీ. పక్కా," అని తవిటమ్మ చెప్పి వారమైంది. మొన్న శుక్రవారం రేవులో రాయి మీద ఆమె కాలు మడత పడింది. చీలమండ గుమ్మడిపిందెలా ఉబ్బింది.

జోగులు భుజాన చేపతో వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. పట్టు వేసిన కాలు బోర్లించిన గంప మీద ఉంది. గోనె విప్పించి చేపని చూసింది. తోక చూసింది. రెక్కలు చూసింది. మొహం వెలిగి, అంతలోనే ఆరిపోయింది.

"బంగారమంటి సేప తెచ్చినారు గానీ, ఏడైపోనాది మావా. నడిస్తే గంటంబావు. నానైతే బరువెత్తుకుని గంటలో ఎక్కీదును. ఇప్పుడెవులెల్తారు?"

గంపల ఆడవాళ్ళందరూ అప్పటికే బజారుకి పోయారు. ఆదివారం అడవి శాఖ జీపు నడవదు. చేప పట్టేది మగాడు, మోసి అమ్మేది ఆడది. మగాడు నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊళ్ళోంచి నడవడమంటే, అలాంటిది ఆ పేటలో ఎవరూ చూడలేదు. చూపించే మొదటివాడు కావాలని జోగులుకీ లేదు.

"మాట పోతే పోనాది గాని, ఆ తల్లి మొకం నానెలా సూస్తాను? పెళ్ళిలో సేప నేకపోతే ఆళ్ళు అపశకునమనుకుంటారు. మరి నన్ను మెట్ట మీద ఎవులు గంప దించమంటారు?" అని తవిటమ్మ గోడ వైపు చూసింది. ఆమె ఏడ్చే మనిషి కాదు. గోడ వైపు చూసే మనిషి.

జోగులు మాటలు పొదుపు. గోచీ బిగించి, "సైకిలు మీద ఎల్తాను," అన్నాడు.

పోలిరాజు పడీపడీ నవ్వాడు. అతనికి మీసమంటే ప్రాణం. రోజూ కొబ్బరినూనె రాసి, కొసలు మెలేసి, సముద్రం మీద కూడా తడవకుండా కాపాడుకునేవాడు. ఆ మీసం మెలేస్తూ అన్నాడు:

"బావా, నువ్వు సైకిలు నేర్సి మూడు నెల్లవనేదు. మొన్న బజార్ల నిన్ను సూసి మేక దారిచ్చింది, నువ్వెల్లి ఇస్తంబానికి గుద్దినావు. ఆ మెట్ట లారీలే ఏడుస్తా ఎక్కుతాయి."

"ఎక్కుతాను."

"దిగకుండా?"

"దిగకుండా."

"అలగైతే ఇను. దిగకుండా నువ్వు గాని సిగ్నల్ మెట్ట ఎక్కీసినావంటే, గంగమ్మ సాచ్చి, ఈ మీసం తీయించీస్తాను."

"నీ మీసం ఎవులికి కావాలిరా? పులుసులో ఏసుకోడానికా?" అంది తవిటమ్మ. "జల్దీ కానియ్యండి."

సైకిలు పోస్టు యిర్మియాది. పక్కింటివాడు, ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఆదివారం ఆయన చర్చికి నడిచే వెళ్తాడు కాబట్టి సైకిలు ఖాళీ. తెల్లచొక్కా ఇస్త్రీ మడత చెదరకుండా, బైబిలు చంకలో పెట్టుకుని బయల్దేరుతున్నాడు. సంగతి విని తాళంచెవి తీసిచ్చాడు.

"తీసుకెళ్ళు అన్నయ్యా. అయితే ఒకటి. తిరిగొచ్చాక సబ్బు పెట్టి కడగాలి. పోయినసారి నువ్వు తీసుకెళ్ళాక, సోమవారం పంచిన ఉత్తరాలన్నీ ఎండుచేపల వాసన కొట్టాయి. ఒక పిల్లి నా వెనకాల గరాచర్మ ఊరి దాకా వచ్చింది."

జోగులు బరువు సర్దాడు. పేటలో నావకి బరువు సర్దడంలో అతన్ని మించినవాడు లేడు. వలలెక్కడ, గాలాలెక్కడ, మంచినీళ్ళ కుండెక్కడ, అతను పెట్టాక ఎవరూ కదపరు. సైకిలు వెనక చట్రం మీద కానాగంతల చేపల గంప కట్టాడు. అవి మెట్ట మీది వాడుక ఇళ్ళకి. దాని మీద గోనెలో చుట్టిన కోనాన్ని పొడుగ్గా, తోక వెనక్కి వేలాడేట్టు పడుకోబెట్టి తాడు బిగించాడు.

"అంతా ఎనక్కే ఏస్తన్నావేటి మావా?"

"ముక్కు తేలాల," అన్నాడు జోగులు. అలకెదురు పోయే నావకి బరువు వెనక ఉండాలి. అప్పుడే ముక్కు పైకి లేచి అల ఎక్కుతుంది. ముందు బరువైతే నావ అలలో తల దూరుస్తుంది. ఇది అతనికి తండ్రి నేర్పాడు. అతని తండ్రి సైకిలు చూడకుండానే చచ్చిపోయాడు.

జంగ్లీఘాట్ బజారు దాటేదాకా సైకిలు బుద్ధిగానే నడిచింది. టీ దుకాణం ముందు జనం వింతగా చూశారు. జోగులు ఎవరి వైపూ చూడలేదు. చూస్తే చక్రం కూడా అటే తిరుగుతుంది, ఆ సంగతి స్తంభం దగ్గర తెలుసుకున్నాడు. మెట్ట మొదలైంది. ఎర్ర కంకర రోడ్డు. ఒక పక్క కొండ కోత, ఒక పక్క లోయ, లోయ నిండా ఆకాశానికి లేచిన గర్జన్ చెట్లు. కిందటి వానాకాలం నీళ్ళు తవ్వి వదిలేసిన గాడులు ఇంకా ఉన్నాయి.

మొదటి మలుపు దాకా బాగానే ఎక్కాడు. అక్కణ్ణించి రోడ్డు లేచింది. జోగులు పెడలు మీద బరువు మోపాడు. ముందుచక్రం తేలికైనట్టనిపించింది. "అదీ, ముక్కు తేల్తంది," అనుకుని సంబరపడ్డాడు. ఇంకొంచెం గట్టిగా తొక్కాడు. ముక్కు ఇంకొంచెం తేలింది. ఇంకోసారి తొక్కాడు.

యిర్మియా సైకిలు పెళ్ళిగుర్రంలా ముందుకాలెత్తింది.

జోగులు వెనక్కి, సైకిలు పక్కకి, గంప రోడ్డు మీదికి, కోనాం తనదారిన తాను. గోనెలోంచి జారి, వాలు రోడ్డు మీద తల ముందుకి పెట్టి, సముద్రం ఎటుందో దానికి చచ్చినా గుర్తున్నట్టు, సూటిగా కిందికి పోయింది. జోగులు లేచి పరిగెత్తాడు. చేతికి దొరికినట్టే దొరికి జారింది. మోరీ దిమ్మ దగ్గర ఆగింది. ఆగకపోతే లోయలో పడేది.

మోకాళ్ళ మీద కూర్చుని ఒళ్ళంతా తడిమాడు. తోక ఉంది. రెక్కలున్నాయి. తల ఉంది. ఎడమవైపు మాత్రం, నడుము దగ్గర, అరచెయ్యంత మేర వెండి రంగు కంకరకి గీసుకుపోయి తెల్లగా కనబడుతోంది. చర్మం తెగలేదు. తెగలేదని రెండుసార్లు చూసుకున్నాడు. మోరీ కింద సన్నగా పారే నీళ్ళలో దాన్ని కడిగాడు. తన మోచేతి నెత్తురూ కడుక్కున్నాడు. కానాగంతలు ఏరాడు. నాలుగు లోయలో పడ్డాయి, వాటిని కాకులకి వదిలేశాడు.

అప్పుడు సైకిలు ముందు నిలబడి, నావ ముందు నిలబడినట్టు, చూశాడు. అల నావ కిందికొచ్చి నావని ఎత్తుతుంది. రోడ్డు ఎవర్నీ ఎత్తదు, తొక్కినవాడే ఎక్కాలి. కోనాన్ని మళ్ళీ గోనెలో చుట్టి, సీటుకీ హేండిలుకీ మధ్యనున్న కడ్డీ వెంట, తల ముందుకి పెట్టి కట్టాడు. గంప తాడు బిగించి హేండిలుకి వేలాడదీశాడు. సైకిలు నెత్తి మీద మొట్టినట్టు నేలకి అణిగింది. ఎక్కి కూర్చుంటే రెండు మోకాళ్ళూ చేపకి తగులుతున్నాయి. మోకాళ్ళు ఎడంగా పెట్టి, కప్పలా తొక్కడం మొదలెట్టాడు.

చక్రం లేవలేదు. కానీ సూటిగా తొక్కితే పది బారలకి ఊపిరి అందడం లేదు. పడడం దిగడం కిందికి రాదు గానీ, ఆగిపోతే దిగాలి. దిగితే పోలిరాజు ఉన్నాడు.

ఎదురుగాలిలో ఒడ్డుకి సూటిగా ఏ నావా రాదు. ఇటు కొంత దూరం అడ్డంగా పోయి, చాప తిప్పి, అటు కొంత దూరం అడ్డంగా పోయి, అలా అలా వస్తుంది. జోగులు హేండిలు తిప్పాడు. కొండ వైపు నుంచి లోయ అంచు దాకా అడ్డంగా తొక్కాడు. అంచులో తిప్పి మళ్ళీ కొండ వైపుకి. ఒక్కో అడ్డానికి రెండు బారలు పైకి. వాలు సగం తగ్గినట్టయింది. ఊపిరి కుదుటపడింది. తిప్పిన ప్రతిసారీ నోట్లోంచి అలవాటుగా "చాపొస్తంది, తల వొంచు!" అని కేక వచ్చేసింది. తల వంచడానికి అక్కడ కోనాం తప్ప ఎవరూ లేరు.

అలా రెండో మలుపు దాటాడు. మూడో మలుపు దగ్గర, రోడ్డు గోడలా నిలబడింది. అడ్డంగా పోవడానికి వెడల్పు లేదు. ఒక పక్క కొండ నుంచి దొర్లిన మట్టి, ఒక పక్క లోయ. ఆ మలుపులో, నడుమెత్తున ఒక బల్లపరుపు రాయి ఉంది. జోగులు తొక్కాడు. ఇంకోసారి తొక్కాడు. సైకిలు ఆగిపోయి, ఏం చేద్దామని అడిగినట్టు, ఊగింది.

జోగులు దిగాడు.

సైకిలు రాయికి ఆనించాడు. రాయి పైభాగం నున్నగా, మధ్యలో గంప అడుగంత మేర నల్లగా ఉంది. చేపనీళ్ళు కారి కారి అయిన నలుపు. రాయి పక్కన మట్టిలో చుట్టపీకలు. ఒకటి రెండు కాదు, నేలంతా అవే. కొన్ని కొత్తవి, కొన్ని వానకి నాని మట్టిలో కలిసినవి. ఒక్కొక్కదానికీ నిప్పు కాలిన కొస మీదే పంటిగాటు ఉంది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి ఈ మెట్ట మీదికి వచ్చేది ఒక్కతే.

నెత్తి మీంచి గంప దించడానికి ఒంటరి మనిషికి సరిగ్గా ఆ ఎత్తు రాయి కావాలి. మళ్ళీ ఎత్తుకోవడానికీ అదే ఎత్తు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా తవిటమ్మ ఈ రాయి సంగతి చెప్పలేదు. "గంటలో ఎక్కీదును" అనే చెప్పింది. జోగులు ఎన్నడూ అడగలేదు. నావ ఒడ్డుకొచ్చాక తన పని అయిపోయినట్టు, వల ఆరేసి పడుకునేవాడు.

 అతను సైకిలు నెట్టుకుంటూ, ఒక్కో అడుగూ వేసుకుంటూ, ఆ మలుపు నడిచే దాటాడు.

మలుపు దాటాక రోడ్డు వెడల్పయింది. మళ్ళీ ఎక్కి, ఇటూ అటూ అడ్డంగా తొక్కుతూ పోయాడు. బజారుకి దిగుతున్న రాంచీ మనిషి ఒకడు, రోడ్డు పొడుగునా పాములా వంకర్లు తిరుగుతూ వస్తున్న సైకిలుకి ఎటు తప్పుకోవాలో తెలియక, నడి రోడ్డు మీదే నిలబడిపోయాడు. జోగులు అతని చుట్టూ తిరిగి పోయాడు. "వాహ్ భయ్యా! బిల్కుల్ ఊపర్ తక్!" అని, ఏకంగా పై దాకానా అన్నట్టు, వాడు వెనక నుంచి అరిచాడు.

ఎనిమిదీ ఇరవైకి లైన్లలోకి చేరాడు. ననీబాల దీదీ ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి. ఆమె గుమ్మంలోనే నిలబడి రోడ్డు వైపు చూస్తోంది, చేతిలో ఎర్రంచు చీర మడత. చేపకి కట్టేది. చేప రాకపోతే ఆ చీర ఎవరికి కట్టాలో తెలియని మనిషిలా ఉంది.

"అరే జోగులు దాదా! తవిటా కిధర్?"

"పావ్ టూటా," అన్నాడు జోగులు, కాలు విరిగిందని. తర్వాత సరిచేసుకుని, "టూటా నహీ. మోటా హువా," అని చీలమండ లావు చేత్తో చూపించాడు.

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. అతను గోనె విప్పి, కోనాన్ని పీట మీద మంచివైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊళలాంటి మంగళధ్వని చేశారు. జోగులు ఉలిక్కిపడి సైకిలు పట్టుకున్నాడు. ననీబాల వంగి చేప తోక చూసింది, రెక్కలు చూసింది, అచ్చం తవిటమ్మ చూసినట్టే. తర్వాత తిరగేసింది.

జోగులు లోయ వైపు చూశాడు.

"గిరా థా?" అందామె. పడిందా అని.

అబద్ధం నోటి దాకా వచ్చింది గానీ, అతనికి నిజానికే మాటలు తక్కువ పడతాయి. "గిరా. మై భీ గిరా," అని మోచెయ్యి చూపించాడు.

ఆమె మోచెయ్యి చూసింది, చేపని చూసింది, పకపకా నవ్వేసింది. చీర మడత విప్పి, కోనాం నడుముకి చుట్టి, గీసుకుపోయిన చోటు మీదుగా పైట తీసి అటు వేసింది. మచ్చ కనబడలేదు. తల దగ్గర కుంకం పెట్టింది. ఎవరో ముక్కుకి పువ్వు గుచ్చారు. ఎనిమిదిన్నరకి పసుపు పళ్ళేల వెనకాల కోనాం పెళ్ళికూతురి ఇంటికి తరలింది. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దానికి అంత ఊరేగింపు జరిగి ఉండదు.

కానాగంతలు ఇవ్వడానికి వాడుక ఇళ్ళకి పోతే, చేప తీసుకునే ముందు ప్రతి ఇంట్లోనూ తవిటమ్మ కాలు సంగతే అడిగారు. మలయాళీ అవ్వ ఒక సీసాలో కాచిన నూనె ఇచ్చింది. ఇంకో ఇంటివాళ్ళు, నాలుగు రోజులు చేపలు లేకపోయినా పరవాలేదు, కాలు తగ్గాక ఆమెనే రమ్మనమన్నారు. దిగేటప్పుడు ననీబాల పెళ్ళి భోజనంలోంచి అరిటాకు మూట కట్టి హేండిలుకి తగిలించింది.

జోగులు దిగేదారిలో మూడో మలుపు దగ్గర ఆగాడు. రాయి పక్కన మట్టిలో పాతుకున్న కంకరని కాలితో చదును చేశాడు. అంచులో జారిన రెండు రాళ్ళు దొర్లించి, కూర్చోవడానికి వీలుగా సర్దాడు. నావకి బరువు సర్దినట్టే, రెండుసార్లు కదిపి చూసుకుని, కిందికి పోయాడు.

యిర్మియా సైకిలు సబ్బుతో కడిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. తవిటమ్మ గడపలోనే ఉంది. అతని మోచెయ్యి చూసింది. ఆమె అడిగేలోపలే చెప్పాడు.

"ఇచ్చీసినాను. యేళకే."

"తెగిందేటి?"

"నేదు. కొంచెం గీసుకుంది. పైట ఏసింది దీదీ."

ఆమె ఊపిరి వదిలింది. నూనె సీసా చూసి, వాసన చూసి, "అవ్వ ఇచ్చిందా?" అని పక్కన పెట్టుకుంది. తర్వాత, గొంతు తగ్గించి, "రాయి కాడ దిగినావా?" అంది.

జోగులు తల ఊపాడు.

"నాకు తెల్సు. అక్కడ దేవుడైనా దిగాల."

జోగులు ఇంకేదో అనబోయాడు. ఆ పీకల గురించి. అంతలో పెరట్లోంచి పోలిరాజు వచ్చాడు.  మీసం లేదు. ముక్కు కిందంతా, ఎండ ఎరగని చర్మం, పొలుసు గీకిన చేపలా తెల్లగా ఉంది. పదేళ్ళు చిన్నవాడిలాగా, ఎవరో తెలియని పిల్లాడిలాగా ఉన్నాడు.

"రాంచీవోడు బజార్ల సెప్పినాడు బావా," అన్నాడు పోలిరాజు నేల చూస్తూ. "సైకిలు మీద కొస దాకా ఎక్కీసినావంట. పామునాగ ఎక్కినావంట. గంగమ్మ సాచ్చి అన్నాను కదా. మంగలి కాడకెల్లి కూకున్నాను. మాటంటే మాటే."

జోగులు తవిటమ్మ వైపు చూశాడు. తవిటమ్మ జోగులు వైపు చూసింది. ఆమె పెదవి కొస ఒణుకుతోంది.

"పోలీ, నాను..." అని జోగులు మొదలెట్టాడు.

"కూకోండి," అంది తవిటమ్మ గట్టిగా. "ఏటీ మాటాడకండి. ఎవులు మాటాడినా ఎవులు నవ్వినా పులుసు నేదు."

అరిటాకు విప్పితే చిన్న చిన్న పూరీలు, శనగపప్పు కూర, మిఠాయి. పొయ్యి మీద, ఆమె కూర్చునే కాచిన కానాగంతల పులుసు. రోజూ ఆమె వడ్డించి, మగాళ్ళు తిన్నాక తినేది. ఇవాళ లేవలేదు కాబట్టి, కుండ మధ్యలో పెట్టుకుని ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

తవిటమ్మ గరిటె తిప్పి, అడుగునున్న పెద్ద చేప ఏరి, తమ్ముడి ఆకులో వేసింది. పోలిరాజు ముద్ద నోట్లో పెట్టుకుని, అలవాటుగా మీసం తుడుచుకోబోయి, వేళ్ళకి ఏమీ తగలక, చెయ్యి అక్కడే ఆపాడు. జోగులు తల ఇంకా కిందికి వంచాడు. తన ఆకులోని మిఠాయి తీసి, చప్పుడు కాకుండా, పోలిరాజు ఆకు అంచున పెట్టాడు. పోలిరాజు అది చూసి బావ మొహం చూశాడు. జోగులు చూడలేదు, ముల్లు తీసుకుంటున్నాడు.

బయట మబ్బు పొలుసులు విడిపోయి గాలి మొదలైంది. ముగ్గురూ తింటున్నారు.